‘ఏమైంది?’ అనే గడి: నగర వాతావరణ ప్రణాళికలో మా వార్డు వాలంటీర్ల డైరీ

మొదటి వారం

మా నగరానికి వాతావరణ కార్యాచరణ ప్రణాళిక తయారవుతోంది. ఎండ, వరద, చెత్త, కరెంటు, రవాణా విషయంలో రాబోయే ఏళ్లలో నగరం ఏం చేయాలో చెప్పే పత్రం అది. అందులో స్థానికులను వాలంటీర్లుగా కలుపుకోవాలనుకున్నారు. మా వార్డు బాధ్యత నేను తీసుకున్నాను. ఇలాంటి పనుల్లో చివరికి మిగిలేవి ఫొటోలు, హాజరు పట్టీలే. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

మొదటి మీటింగుకి 46 మంది వచ్చారు. గంటసేపు స్లైడ్లు చూపించాం: భూతాపం, కర్బన ఉద్గారాలు, లక్ష్యాలు. తర్వాత తలా ఒక కాగితం ఇచ్చి ‘మీ సలహాలు రాయండి’ అన్నాం.

ఇంటికొచ్చి ఆ కాగితాలన్నీ చదివాను. చెట్లు నాటాలి. ప్లాస్టిక్ తగ్గించాలి. అవగాహన పెంచాలి. ఒక్కటీ తప్పని అనలేం. కానీ ఒక్కదాంట్లోనూ మా వార్డు కనిపించలేదు. ఏ ఊళ్లో ఎవరిని అడిగినా ఇవే రాస్తారు. మేం అంత దూరం నుంచి అడిగితే వాళ్లు మాత్రం దగ్గరి సంగతులు ఎలా చెబుతారు?

అందరూ వెళ్లిపోతుంటే ఒక పెద్దావిడ తలుపు దగ్గర ఆగారు. “మూడేళ్ల కిందట కూడా ఇలాగే రాయించుకున్నారమ్మా. మా సందులో వాన నీళ్లు ఎక్కడ ఆగుతాయో బొమ్మ గీసి మరీ ఇచ్చాను. ఆ కాగితం ఏమైంది?” అన్నారు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తానండీ అన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

రెండో వారం

ఆ కాగితం దొరకలేదు. ఏ ఫైల్లోనూ లేదు. ఆవిడకు ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాను. “సరేలేమ్మా, మళ్లీ గీస్తాను” అన్నారు.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ నిపుణురాలు పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టున అధికారం పూర్తిగా జనం చేతిలో ఉండటం. అభిప్రాయాలు అడిగి ఊరుకోవడం ఆమె లెక్కలో నాలుగో మెట్టు, అంటే పేరుకు మాత్రమే భాగస్వామ్యం. ఆరో మెట్టుకు చేరాకే జనానికి నిర్ణయంలో నిజంగా వాటా దక్కుతుంది. మా మొదటి మీటింగు నాలుగో మెట్టు మీదే ఉంది. ఆరో మెట్టు ఎక్కాలన్నది నా పట్టుదల.

ఫ్రాన్సులో జరిగింది కూడా ప్రణాళిక బృందానికి చెప్పాను. అక్కడ లాటరీ పద్ధతిలో ఎంపికైన 150 మంది పౌరులు 2019 అక్టోబరు నుంచి నెలల తరబడి కూర్చుని, నిపుణులను ప్రశ్నలడిగి, 149 ప్రతిపాదనలు తయారు చేశారు. వచ్చిన రోజులకు వాళ్లకు భత్యం కూడా ఇచ్చారు. ఇంతా చేశాక 2021 ఫిబ్రవరిలో చివరిసారి కలిసి, ప్రభుత్వం తమ ప్రతిపాదనలను ఎంతవరకు పట్టించుకుందో మార్కులు వేశారు. సగటున పదికి 3.3 వచ్చింది. జనాన్ని కూర్చోబెట్టడం దాకా అంతా బాగానే చేశారు. ఆ తర్వాతే తేడా వచ్చింది.

కాబట్టి పని మొదలుకాకముందే ఒక షీటు తయారు చేశాం. వాలంటీరు తెచ్చిన ప్రతి సంగతికీ ఒక వరుస. ఏ చోటు, ఏం చూశారు, ఎప్పుడు చూశారు, ఏ విభాగానికి పంపాం. చివరి గడి పేరు ‘ఏమైంది?’. ఆ గడి 30 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్నది నియమం. ‘కుదరదు’ అని రాయొచ్చు, కానీ ఎందుకు కుదరదో పక్కనే రాయాలి. దీనికి బృందంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. కారణాలు రాసిస్తే రేపు అవే పట్టుకుని నిలదీస్తారన్నారు. నిలదీయనివ్వండి అన్నాను. గంటన్నర వాదన తర్వాత ఒప్పుకున్నారు.

మూడో వారం

వాలంటీర్లకు ఏ పని ఇవ్వాలి? ఈ వారమంతా దీని మీదే గడిచింది.

ప్రణాళికలో రెండు సగాలున్నాయి. ఒకటి ఉద్గారాల లెక్క. దీనికి 2014లో వచ్చిన జీపీసీ అనే అంతర్జాతీయ పద్ధతిని చాలా నగరాలు వాడుతున్నాయి. భవనాల్లో వాడే ఇంధనం, కరెంటు, రవాణా, చెత్త, ఇలా పద్దుల వారీగా లెక్క కడతారు. ఇందులో పెద్ద అంకెలన్నీ కరెంటు సంస్థ నుంచి, ఇంధన అమ్మకాల నుంచి వస్తాయి. వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి బిల్లులు అడిగితే అటు మనుషులు అలసిపోతారు, ఇటు లెక్కా మెరుగుపడదు. ఆ పని వద్దనుకున్నాం.

రెండో సగం, వస్తున్న ఎండనూ వాననూ తట్టుకోవడం. ఇక్కడే స్థానికుల అవసరం ఉంది. బృందం దగ్గర ఉపగ్రహం తీసిన వేడి పటం ఉంది. చూడటానికి చాలా బాగుంది, ఎరుపు, నారింజ, పసుపు. కానీ అది చూపించేది నేల, పైకప్పులు ఎంత కాలుతున్నాయన్నదే. మనిషి పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో అది చెప్పదు. పైగా ఆ పటం తీసిన ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహం ఒక చోటి మీదుగా వెళ్లేది ఉదయం పది గంటల ప్రాంతంలో. మధ్యాహ్నం మూడింటికి బస్టాపులో నిలబడ్డవాళ్ల పరిస్థితీ, రాత్రి పదింటికి పై అంతస్తులో పడుకున్నవాళ్ల పరిస్థితీ ఆ పటానికి అందవు. అక్కడ నిలబడి కొలిచేవాళ్లు కావాలి.

అమెరికాలో 2017 నుంచి వాలంటీర్లు కార్లకు సెన్సార్లు బిగించుకుని, వేసవిలో ఒకే రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వీధులన్నీ తిరిగి కొలుస్తున్నారు. మేం నడిచి కొలుద్దామనుకున్నాం. మా సందుల్లో కారు పట్టదు. రాత్రి పది గంటల కొలత అదనంగా చేర్చాం.

కొత్త ప్రశ్న ఇలా రాశాం: ‘మీ వీధిలో మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ ఉంటుంది? ఎక్కడ ఉండాలి?’ ఈసారి వచ్చిన కాగితాలు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఒకాయన తన వీధిలో నీడ గంట గంటకూ ఎటు జరుగుతుందో గీసిచ్చాడు. 31 మంది కొలతలకు పేర్లిచ్చారు.

ఐదో వారం

మొదటి రోజు కొలతలు మొత్తం పారేయాల్సి వచ్చింది.

ఒకే వీధి, ఒకే సమయం, ఇద్దరు వాలంటీర్లు. ఇద్దరి అంకెలకూ మధ్య ఆరు డిగ్రీల తేడా. థర్మామీటర్లు పాడయ్యాయేమో అనుకున్నాను. టెన్షన్‌తో ఆ ఇద్దరినీ పిలిచి, ఎలా కొలిచారో నా ముందు మళ్లీ చేయమన్నాను. ఒకమ్మాయి చెట్టు కింద రెండు నిమిషాలు నిలబడి చూసింది. ఇంకొకాయన జేబులోంచి తీసి, ఎండలో చేత్తో పట్టుకుని, వెంటనే రాసేశారు. అంటే ఆయన రాసింది గాలి వేడి కాదు. ఎండ తగిలి కాలిన ప్లాస్టిక్ వేడి, జేబు వేడి, అరచేతి వేడి కలిసి వచ్చిన అంకె. ఆయన తప్పేం లేదు. ఎలా పట్టుకోవాలో మేం చెప్పలేదు. ఎండలో రెండు గంటలు తిరిగిన మనిషికి ‘మీ అంకెలు పనికిరావు’ అని చెప్పాల్సి రావడం చాలా బాధనిపించింది. మర్నాడు 31 మందికీ నేనే ఫోన్ చేసి, పొరపాటు మాదేనని చెప్పాను.

తర్వాత కూర్చుని పద్ధతి సరిచేసుకున్నాం. గాలి వేడి కొలవాలంటే సెన్సారుకు ఎండ తగలకూడదు, గాలి తగలాలి. అందుకని తెల్ల ప్లాస్టిక్ మూతలు నాలుగు తీసుకుని, ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలెడు సందు వదిలి, పొడవాటి బోల్టులతో బిగించాం. సెన్సారు మధ్యలో వేలాడుతుంది. పైనుంచి ఎండ పడదు, పక్కల నుంచి గాలి ఆడుతుంది. దాన్ని కర్రకు కట్టి నేల నుంచి మీటరున్నర ఎత్తున నిలబెడతాం. వాతావరణ కేంద్రాల్లో కూడా దాదాపు ఆ ఎత్తులోనే కొలుస్తారు. చోటికి వెళ్లాక ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే చదవాలి.

ఇంకో పని కూడా చేశాం. థర్మామీటర్లన్నిటినీ ఒకే గదిలో, ఒకే బల్ల మీద రాత్రంతా ఉంచాం. తెల్లారి చూస్తే అన్నీ ఒకే అంకె చూపించలేదు. ఏది ఎంత ఎక్కువ చూపిస్తోందో, ఎంత తక్కువ చూపిస్తోందో దాని వెనకే స్కెచ్ పెన్నుతో రాసేశాం: ‘0.4 తీసెయ్యాలి’, ‘0.3 కలపాలి’. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు ఈ లెక్కంతా చూసుకున్నాడు. “ల్యాబులో చేసినప్పుడు ఎందుకో అర్థం కాలేదండీ, ఇప్పుడర్థమైంది” అన్నాడు.

ఆరో వారం

మళ్లీ కొలిచాం. ఈసారి పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి అంకెలు దాదాపు కలిశాయి.

రాత్రి పది గంటల అంకెలు చూసి ఆశ్చర్యపోయాం. పటంలో నారింజ రంగులో, అంటే మధ్యస్థంగా కనిపించిన ఇరుకు సందులే రాత్రి అన్నిటికన్నా వేడిగా ఉన్నాయి. పగలు ఎర్రగా కనిపించిన ఖాళీ మైదానం రాత్రికి చల్లబడిపోయింది. తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. సిమెంటు గోడలు, తారు రోడ్డు పగలంతా వేడి దాచుకుని రాత్రి వదులుతాయి. రెండు పక్కలా ఎత్తు భవనాలుంటే సందుకు కనిపించే ఆకాశం సన్నటి చీలికే. వేడి పైకి పోయే దారి తక్కువ, గోడ నుంచి గోడకు తిరుగుతుంటుంది. రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాటి ఎండను తట్టుకునే శక్తి మనిషికి ఉండదు. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే.

ఆ సందుల్లో ఉండే ఒక ఆవిడ అంకెలు చూసి, “మేం రాత్రిళ్లు మెట్ల మీద ఎందుకు కూర్చుంటామో ఇప్పుడు కాగితం మీద పడింది” అన్నారు.

ఎనిమిదో వారం

31 మందిలో 17 మందే మిగిలారు.

మానేసినవాళ్లకు ఆసక్తి లేదని తేల్చేయడం తేలిక. నాకు మనసొప్పక ఒక్కొక్కరినీ వెళ్లి కలిశాను. సాయంత్రం ఆరింటి మీటింగు ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు కుదరదు. షిఫ్టు డ్యూటీ వాళ్లకు అసలే కుదరదు. వాట్సాప్ గ్రూపులో రోజుకు వంద మెసేజీలు చూసి ఇద్దరు వెళ్లిపోయారు. ఒకతను మాత్రం, “నేను చెప్పిన బస్టాపు సంగతి ఎవరూ మాట్లాడలేదు కదండీ” అన్నాడు. షీటు తీసి చూశాను. అతని వరుసలో ‘ఏమైంది?’ గడి 36 రోజులుగా ఖాళీ. నియమం పెట్టింది మేమే, తప్పిందీ మేమే. ఆ రోజే ఆ గడి నింపించాను. రోడ్డు విస్తరణలో ఆ బస్టాపును తీసేయబోతున్నారు, అందుకే షెల్టరు వేయడం లేదు. జవాబు అతనికి నచ్చలేదు. కానీ వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాడు.

ఈ తిరుగుడులో ఇంకొకటి కళ్లబడింది. మా జాబితాలో వీధులు ఊడ్చేవాళ్లు లేరు, వాచ్‌మన్లు లేరు, డెలివరీ కుర్రాళ్లు లేరు. రోజంతా ఎండలో ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. హాల్లో మీటింగు పెడితే హాలుకు రాగలిగినవాళ్లే వస్తారు. ఇకనుంచి మేమే వాళ్ల పని చోటికి, వాళ్ల విరామ సమయానికి వెళ్లాలి. పోయిన గంట కూలీ సంగతి కూడా పట్టించుకోవాలి. ఒక పూట పని మానుకుని వచ్చే మనిషి దగ్గర ఆ సమయాన్ని ఉచితంగా తీసుకోవడం న్యాయం కాదు. భత్యం కోసం ప్రణాళిక బృందాన్ని అడిగాను. చిన్న మొత్తమే అయినా ఒప్పుకున్నారు. ఆ తర్వాత తొమ్మిది మంది చేరారు. వాలంటీర్లు గీసిచ్చిన కాగితాలతో తయారైన నీడ పటంలో సగం తప్పులు దిద్దింది వాళ్లే.

పదకొండో వారం

1995 జూలైలో చికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. ఒంటరిగా ఉండేవాళ్లకు, పై అంతస్తులో ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలింది. 2010 మేలో అహ్మదాబాదులో ఆ నెల మామూలుగా జరిగే మరణాల కన్నా 1,344 ఎక్కువ జరిగాయి. ఆ దెబ్బ తర్వాతే 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక తెచ్చుకుంది. కాబట్టి ఏ ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నారో ముందే తెలిసి ఉండాలి. అది ఏ ఉపగ్రహానికీ తెలియదు, పక్కింటివాళ్లకు తెలుసు.

కానీ ఆ జాబితాను ఏం చేయాలి? పటం మీద చుక్కలు పెడదామని బృందం అంది. వాలంటీర్లు ఒప్పుకోలేదు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల ఇళ్లు పటంలో చూపించడమంటే దొంగలకు దారి చూపించడమే అన్నారు. వాళ్లన్నదే నిజం, నాకు ముందే తట్టాల్సిన సంగతి. చివరికి ఇలా తేల్చాం. పేర్లు, ఇంటి నంబర్లు ఎక్కడా టైపు చేయం. ఆ ఇంటివాళ్లు సరేనంటేనే వీధి వాలంటీరు తన నోటు పుస్తకంలో రాసుకుంటారు. నగరానికి వెళ్లేది వీధికి ఎంతమంది అన్న అంకె మాత్రమే. హెచ్చరిక వచ్చిన రోజు వాలంటీరు ఆ తలుపులు రెండుసార్లు తడతారు.

పద్నాలుగో వారం

ఉద్గారాల లెక్కకు వాలంటీర్లు వద్దనుకున్నాం కదా, ఒక్క చోట అది పొరపాటైంది. చెత్త తగలబెట్టడం ఏ రికార్డులోనూ ఉండదు. ఎక్కడ, ఏ వేళకు తగలబెడుతున్నారో రోజూ తెల్లవారుజామున నడకకు వెళ్లే ముగ్గురికి కచ్చితంగా తెలుసు. వాళ్ల పట్టిక చూశాక చెత్త బండి సమయం మార్చే ప్రతిపాదన వచ్చింది. బండి రాకముందే ఊడ్చినవాళ్లకు ఆ కుప్పను ఏం చేయాలో తెలియకే తగలబెడుతున్నారట.

పదహారో వారం

ఇంజనీర్లతో మీటింగు. అందరికన్నా ముందు నేనే వణుకుతున్నాను.

“వాలంటీర్ల కొలతలను ఎంతవరకు నమ్మొచ్చు?” అని ఒకాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నేను నోరు తెరిచేలోపే డిగ్రీ కుర్రాడు లేచాడు. థర్మామీటరు వెనక రాసిన దిద్దుబాటు చూపించాడు. పారేసిన మొదటి రోజు కొలతల కాగితాలు కూడా తెచ్చాడు. “ఇవి ఎందుకు పారేశామో చెప్తాను సార్” అంటూ మొదలుపెట్టాడు. ఆ తర్వాత గదిలో వరస మారింది. వాలంటీర్లూ ఇంజనీర్లూ ఒకే కాగితం మీదికి వంగి మాట్లాడుకున్నారు.

అన్నీ ఒప్పుకోలేదు. సందుల్లో చెట్లు కావాలన్నారు మావాళ్లు. కింద నీళ్ల పైపులు, పైన కరెంటు తీగలు ఉన్నాయి, చోటు లేదన్నారు ఇంజనీర్లు. అయితే పైకప్పుల మీద తెల్ల పూత వేయండని వీధులు ఊడ్చే ఒక ఆవిడ అన్నారు. తెల్ల పూత ఎండను తిప్పికొడుతుంది, కానీ దుమ్ము పడితే ఆ గుణం తగ్గిపోతుంది, ఏటా కడగాలి. ఆ కడిగే పని ఎవరిదన్నది ప్రణాళికలో రాయాలని పట్టుబట్టాం. ముసాయిదాలో రెండు మార్పులు ఆ రోజే ఖాయమయ్యాయి. వేడి హెచ్చరికలకు రాత్రి ఉష్ణోగ్రతనూ లెక్కలోకి తీసుకుంటారు. పూత వేసే క్రమంలో మొదటి చోటు ఎర్ర రంగు ప్రాంతాలకు కాదు, ఆ ఇరుకు సందులకు.

ఇరవయ్యో వారం

షీటులో 63 వరుసలు. 22 ముసాయిదాలోకి వెళ్లాయి. 19 ఇంకో విభాగానికి వెళ్లి అక్కడ పనిలో ఉన్నాయి. 14 కుదరవన్నారు. 8 ఇంకా తేలలేదు.

ఆదివారం అందరినీ పిలిచి 63 వరుసలూ పైకి చదివాం. కుదరనివాటిని ముందు చదువుదామన్నది నా నిర్ణయం. వాటిని చివరికి నెట్టేస్తే దాచినట్టుంటుంది. నాలుగు కారణాల మీద గట్టిగా వాదన జరిగింది. అందులో ఒకటి మేం మళ్లీ బృందానికి పంపాం, ఎందుకంటే వాళ్లు రాసిన కారణం ఆ వీధికి వర్తించదు. వాలంటీర్లు అక్కడికక్కడే కొలిచిన వెడల్పు ఫోన్లో చూపించారు. మిగిలిన మూడూ నచ్చకపోయినా అర్థమయ్యాయన్నారు.

పెద్దావిడ వాన నీళ్ల బొమ్మ 41వ వరుస. ఈసారి మూడు రంగుల్లో గీశారు, ఏ వానకు నీళ్లు ఎంతవరకు వస్తాయో మెట్ల లెక్కలో. ‘ఏమైంది?’ గడిలో ‘కాలువ సర్వే ఒప్పుకున్నారు, తేదీ రావాలి’ అని ఉంది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

“తేదీ ఎప్పుడొస్తుందమ్మా?”

“వచ్చే నెల పదిలోగా చెప్తామన్నారండీ.”

“అయితే ఆ పదో తేదీ కూడా ఇక్కడ రాయి.”

రాశాను. పదకొండున ఆవిడకు ఫోన్ చేయాలి.